సర్వేయరమ్మకి

ఏమే సర్వేయరూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ఎంత తిట్టుకున్నా పడతాను, ముందు చివరిదాకా చదువు. ఇంట్లో అందరం కులాసా. చిన్నాడికి జ్వరం తగ్గింది. అమ్మ మోకాళ్లు మామూలే. నీ అట్లాసు ఇంకా నా దగ్గరే ఉంది, ఇప్పుడప్పుడే అడక్కు. ఇక అసలు సంగతికి వస్తా, కడుపు ఉబ్బిపోతోంది.

ఆరు నుంచి ఎనిమిది దాకా భూగోళం పాఠాల ప్రణాళిక కొత్తగా రాసే పని నాకు అప్పజెప్పారని చెప్పానుగా. మొదటి యూనిట్ దగ్గరే నా కలం ఆగిపోయింది. ఎప్పుడూ ఉండేదే కదా: పటం అంటే ఏమిటి, స్కేలు నిర్వచనం, దిక్కులు, సంకేతాలు. పిల్లలు వల్లిస్తారు, పరీక్షలో రాస్తారు, ఆ వారంలోనే మర్చిపోతారు. ఎందుకు మర్చిపోరు? వాళ్లు అడగని ప్రశ్నకి మనం జవాబు చెబుతున్నాం!

అందుకని ఏడో తరగతికి ఒక పటం పంచాను. దాని పేరు తీసేశాను, స్కేలు తీసేశాను, సంకేతాల పెట్టె తీసేశాను. మిగిలినవి వీధులు, ఇళ్ల ముందు దొంతరలుగా చిన్న నల్ల గీతలు, అక్కడక్కడా గుండ్రటి చుక్కలు. "ఇదేమిటో మీరే చెప్పండి" అని కూర్చున్నాను.

నువ్వు ఈపాటికి పోల్చేసి ఉంటావు. అవును, అదే. 1854, లండన్, సోహో పేట, డాక్టర్ జాన్ స్నో గీసిన కలరా పటం.

మొదట అంతా ఊహలే. మెట్లన్నారు, దుకాణాలన్నారు. వెనక బెంచీలో పిల్లాడు మాత్రం "అన్నీ ఒక్క చోటే మూగాయి టీచర్" అని మధ్యలో వేలు పెట్టాడు. అంతే, అందరి తలలూ అక్కడికే వంగాయి. కాసేపటికి విసుగొచ్చి "గీత అంటే ఏమిటో చెప్పకపోతే ఎలా?" అని నా మీదికి వచ్చారు. సంకేతాలు కావాలని పిల్లలు గొడవ చేయడం ఎప్పుడైనా చూశావా నువ్వు? అప్పుడు చెప్పాను, ఒక్కో గీత చనిపోయిన ఒక్కో మనిషి అని. గది గదంతా నిశ్శబ్దం. చుక్కలు నీళ్ల పంపులన్నాను. ఇక ఆగలేదు. ఏ ఇల్లు ఏ పంపుకి దగ్గర? ఎంత దూరం? స్కేలేది టీచర్? అప్పుడు రాశానే బోర్డు మీద, స్కేలు అని, పెద్దక్షరాలతో.

ఇది నీకోసమే దాచి ఉంచాను, విను. ఒకడు రూళ్లకర్రతో ఇంటి నుంచి పంపుకి తిన్నగా గీత గీస్తుంటే పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకుంది. "గోడల్లోంచి నడుస్తారా నీళ్లకి?" అంది. జడ రిబ్బను విప్పి వీధి మలుపుల వెంట పరిచి కొలిచింది! హాస్టల్ వరండాని అడుగులేసి కొలిచిన మా సర్వేయరే గుర్తొచ్చింది (వార్డెనమ్మ చెప్పు సంగతి ఇక్కడ రాయనులే). స్నో కూడా ఆ తర్వాత అచ్చువేసిన పటంలో అదే చేశాడు. గీతలన్నీ మూగిన బ్రాడ్ స్ట్రీట్ పంపుకీ చుట్టుపక్కల పంపులకీ నడక దూరం ఎక్కడ సమానమవుతుందో గీత గీసి చూపించాడు. రిబ్బను పిల్లకి ఆ మాట చెబితే దాని మొహం చూడాల్సింది.

అసలు పోట్లాట తర్వాత మొదలైంది. పంపుకి అతి దగ్గర్లో బీరు కాచే కర్మాగారం ఒకటుంది, దాని మీద ఒక్క గీతా లేదు. "అయితే పంపు తప్పు కాదు" అని సగం మంది అటు మారిపోయారు. నేను నోరు విప్పలేదు. చివరికి ఒక పిల్ల "వాళ్లు ఏం తాగేవాళ్లు?" అంది. లేచి దాన్ని వాటేసుకోవాలనిపించిందే! డెబ్బై మందికి పైగా పనివాళ్లు, తాగడానికి అక్కడి బీరే ఇచ్చేవారు, లోపల సొంత బావి కూడా ఉంది. ఆ దగ్గర్లోనే పేదల వసతి గృహంలో 535 మంది ఉంటే కలరాతో పోయింది ఐదుగురే, అక్కడా సొంత బావే. దీనికి తిరగేసిన సంగతి హాంప్‌స్టెడ్‌లో ఉన్న పెద్దావిడది. ఎంతో దూరంలో ఉండి కూడా ఆ పంపు నీళ్ల రుచి మరిగి రోజూ సీసాతో తెప్పించుకునేది, కలరాతోనే పోయింది. "ఆవిడ గీత మన కాగితం మీద లేదు కదా, మరి లెక్కలోకి వస్తుందా?" అన్నాడు వెనక బెంచీవాడు. పటం అంచు దగ్గర ఆగిపోకూడదని ఏడో తరగతి పిల్లాడు తనంతట తాను కనుక్కున్నాడే. నాకు కళ్లు చెమర్చాయి.

సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు, జబ్బు ఆగిపోయింది అని చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు. అలా చెప్పలేదు. అప్పటికే జనం చాలామంది పేట వదిలి పారిపోయారు, చావులు తగ్గుముఖం పట్టాయి, అదీ చెప్పాను. మళ్లీ గొడవ! మరి పంపేనని ఎలా నమ్మాలి? దుర్వాసన వల్లే జబ్బొస్తుందని అప్పట్లో అందరి నమ్మకం కదా. హెన్రీ వైట్‌హెడ్ అనే అక్కడి చర్చి గురువు, పంపు నీళ్లే కారణమన్న స్నో మాట తప్పని చూపిద్దామని ఇల్లిల్లూ తిరిగి, ఆఖరికి తనే ఒప్పుకున్నాడు. అతని గురించి వేరే ఉత్తరంలో, లేకపోతే ఇది తెమలదు.

పేర్లు కంఠతా రాకపోతే భూగోళమే లేదని నువ్వంటావు. పేర్లు వద్దని నేననడం లేదు. ముందు ప్రశ్న పుట్టాలి, పేరు ఆ వెనక రావాలి. ఏడాదంతా అలాగే రాస్తున్నాను. భూకంపాల అక్షాంశ రేఖాంశాలు చేతికిచ్చి ఖాళీ పటం మీద గుర్తులు పెట్టించాలి. పసిఫిక్ చుట్టూ వలయం వాళ్ల చేతుల్లోనే తేలాలి, ఫలకాలు (భూమి పైపొర ముక్కలు) అన్న మాట అప్పుడు. పసిఫిక్ దీవుల దేశం సమోవాలో 2011 డిసెంబరు 30 అసలు రానే లేదు, ఎందుకు? తేదీ మారే గీత, అదే దినరేఖ పాఠం అక్కణ్నుంచి. పత్తి కోసం నదులు మళ్లించడంతో ఎండిపోతూ వచ్చిన ఆరల్ సముద్రం ఉందిగా, దాని 1960 నాటి పటం పక్కన ఇప్పటిది పెడితే నదుల పాఠం, పత్తి సాగు పాఠం రెండూ అందులోనే.

"ఇలాగైతే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది?" అని మా దగ్గర ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సోహో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పీరియడ్లు మింగింది. అందుకే దేశాలూ పంటలూ పట్టికలు కొట్టేస్తున్నాను, బాధ లేకుండానే. తేలనిది పరీక్ష ఒక్కటే. ఆ రిబ్బనుకి మార్కులు ఎలా వేస్తాం చెప్పు? పేపర్లో తెలియని పటం ఒకటిచ్చి "ఇక్కడ నీకు అనుమానం కలిగించేది ఏది" అని అడిగితే... కానీ దిద్దే వాళ్లందరూ ఒకేలా

బెల్లు కొట్టేశారు, ఎనిమిదో తరగతి వాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. భూకంపాల పట్టిక నువ్వే తయారుచేసి పంపాలి, వచ్చే వారానికల్లా.

నీ
మ్యాపుల పిచ్చిది