4.9 మి.మీ. గదులని రాసి 5.4 మి.మీ.వి అమ్మిన తేనెపెట్టెల మైనపు షీట్ల గురించి ఫిర్యాదు

యలహంక, బెంగళూరు
జూన్ 12

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

గత జనవరిలో మీ సంస్థ నుంచి నేను తెప్పించుకున్న, తేనెటీగలు తుట్టె కట్టుకోవడానికి ఆధారంగా చట్రాల్లో బిగించే 40 మైనపు షీట్లలోని గదుల అచ్చు, అట్టపెట్టె మీద మీరు ముద్రించిన కొలతకు సరిపోవడం లేదనీ, అందువల్ల ఒక పూల కాలమంతా నా తేనెపెట్టెల్లో చేసిన పరీక్ష దండగైపోయిందనీ తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఫోనులో రెండుసార్లు చెప్పినా మీ సిబ్బంది ఫిర్యాదు నమోదు చేసుకోలేదు.

మీ షీట్లు వాడినా తేనెటీగలను పట్టి పీడించే వర్రోవా నల్లి తగ్గలేదన్నది నా ఫిర్యాదు కాదని ముందే మనవి చేస్తున్నాను. చిన్న గదుల తుట్టె ఆ నల్లిని అదుపు చేస్తుందా లేదా అన్నది పెంపకందారులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్న విషయం. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వారు 2010లో ప్రచురించిన పరీక్షలో చిన్న గదుల వల్ల నల్లులు తగ్గలేదనే తేలింది. ఆ సంగతి తెలిసే మీ షీట్లు కొన్నాను. నల్లిని చంపే మందు పట్టీలు పెట్టకుండా, ఈ ఊరి వాతావరణంలో, నాకున్న ఎనిమిది మెల్లిఫెరా (యూరోపియన్ తేనెటీగ) పెట్టెల్లో ఏం జరుగుతుందో నా కళ్లతో చూసుకోవాలనుకున్నాను. ఫలితం ఎటు తేలినా మీ మీద నిష్ఠూరం ఉండేది కాదు.

ఈ వ్యవహారమంతా కొలత మీదే ఎందుకు ఆధారపడిందో మీ సిబ్బంది మాటలను బట్టి వారికి తెలిసినట్టు లేదు కనుక కొంచెం వివరిస్తాను. మెల్లిఫెరా కూలి ఈగ గదికి మూత పడ్డాక సుమారు 12 రోజులకు ఈగ బయటికి వస్తుంది. మూత పడబోయే ముందు లోపలికి దూరిన తల్లి నల్లి దాదాపు 60, 70 గంటలకు మొదటి గుడ్డు, అంటే మగ గుడ్డు, పెట్టి ఆ తరువాత ఇంచుమించు 30 గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు పెడుతుంది. ఈగ బయటపడేలోగా ఎదిగిన కూతుళ్లు మాత్రమే బతికి బట్టకడతాయి. గది ఇరుకైతే మూత కాలం ఎంతో కొంత తగ్గి, ఆఖరి కూతుళ్లకు ఎదిగే వ్యవధి చాలదన్నదే చిన్న గదులను సమర్థించేవారి వాదన. మామూలు షీటులో గది వెడల్పు సుమారు 5.4 మిల్లీమీటర్లు, మీరు అమ్ముతున్నామని చెప్పినది 4.9. ఈ తేడా చూపుకు ఆనదు గానీ, చదరపు డెసీమీటరు తుట్టెలో ఒక వైపున 5.4 గదులు సుమారు 396 పడితే 4.9 గదులు 481 దాకా పడతాయి.

ఫిబ్రవరి మొదట్లో నాలుగు పెట్టెలకు మీ షీట్లూ, మిగిలిన నాలుగింటికి వేరే దుకాణంలో కొన్న మామూలు షీట్లూ కట్టాను. పెద్ద గదుల్లో పుట్టిన ఈగలు ఒక్కసారిగా 4.9 గదులను తిన్నగా కట్టలేవని, వంకరటింకరగా కడతాయని, మధ్యలో 5.1 మీద ఒక తరాన్ని పెంచుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. నా ఈగలు మొదటి ప్రయత్నంలోనే గీత గీసినట్టు కట్టేశాయి. నేను మురిసిపోయాను, అనుమానం రావలసింది అప్పుడే. కానుగ పూత అయిపోయాక, మే నెలలో, ఒక చట్రం తీసి ఈగలను దులిపి, గోడ నుంచి గోడకు వరుసగా పది గదుల మీద స్టీలు స్కేలు పెడితే 49 మిల్లీమీటర్లకు బదులు 54 వచ్చింది. ఈగలే ఇష్టమొచ్చినట్టు కట్టుకున్నాయేమోనని సీలు విప్పని మీ రెండో అట్టపెట్టె తెరిచి, ఉత్త షీటు మీద అచ్చును మూడు దిక్కులా కొలిచాను. మూడు దిక్కులా 54. పక్కన పెట్టిన మామూలు షీటూ అంతే. అంటే మామూలు షీటునే దాదాపు రెట్టింపు ధరకు కొని, ఎనిమిది పెట్టెల్లోనూ ఒకే రకం తుట్టె పెట్టి, నాలుగు నెలల పాటు దానితో దాన్నే పోల్చుకుంటూ కూర్చున్నాను.

మీ సిబ్బందిలో ఒకరు ఎండకు మైనం సాగి ఉంటుందన్నారు. సాగితే షీటు కూడా పొడవునా వెడల్పునా అంతే సాగాలి, పదో వంతు పెరిగిన షీటు చట్రంలో పట్టకూడదు; మీవి అంగుళం కూడా కత్తిరించకుండా పట్టాయి. ఇంకొకరు “అర మిల్లీమీటరుకేమొచ్చింది సార్, ఈగలకు తెలుస్తుందా” అన్నారు. మీరు నాకు డబ్బు తీసుకుని అమ్మిందే ఆ అర మిల్లీమీటరు.

నష్టం షీట్ల ఖరీదుతో పోలేదు. పరీక్ష చెడకూడదని ఆ నాలుగు నెలలూ ఏ పెట్టెలోనూ పట్టీలు పెట్టలేదు. ఏప్రిల్ చివర మూడో పెట్టె గుమ్మం ముందు, రెక్కలు నలిగిన కాగితంలా ముడుచుకుపోయి, ఎగరలేక గడ్డిలో పాకుతున్న పిల్ల ఈగలు కనిపించాయి. సుమారు 300 ఈగలను సీసాలో చక్కెర పొడితో దొర్లించి జల్లిస్తే 17 నల్లులు రాలాయి. ఆ ఈగల కుటుంబం నిలబడలేదు.

ఇక అట్టపెట్టె మీద “మందు లేకుండా వర్రోవా నుంచి శాశ్వత విముక్తి” అని అచ్చువేశారు. కొలత నిజమే అయినా అంత మాట అనడానికి ఆధారం లేదు; 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటన అనేది ఇటువంటిదాన్నే. నేను తేనె వ్యాపారిని కాను, ఇంటికీ ఇరుగుపొరుగుకూ సరిపోయేంతే తీస్తాను కనుక, వినియోగదారుడిగానే అడుగుతున్నాను.

40 షీట్ల ఖరీదు 3,800 రూపాయలు రవాణా ఛార్జీలతో సహా తిరిగి ఇవ్వాలనీ, ఆ అచ్చు రోలరుతో తయారైన షీట్లన్నిటినీ అమ్మకం నుంచి తీసేసి, కొన్న ఇతరులకు తెలియజేయాలనీ, అట్టపెట్టె మీది ఆ వాక్యాన్ని తొలగించాలనీ కోరుతున్నాను. నాలాగే మరెవరైనా ఈ షీట్లతో లెక్కలు రాసుకుంటూ ఉంటే, వారికి ముందుగా తెలియడమే నాకు డబ్బు కంటే ముఖ్యం. 15 రోజుల్లో రాతపూర్వకమైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

బిల్లు నకలు, స్కేలుతో తీసిన ఫోటోలు జతచేస్తున్నాను. రెండో అట్టపెట్టెలో మిగిలిన 12 షీట్లు, కట్టిన చట్రం ఒకటి నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ప్రతినిధి ఏ ఆదివారం వచ్చినా, తన స్కేలుతోనే కొలుచుకోవచ్చు.

ఇట్లు,
మీ వినియోగదారుడు