థాయ్ సిమ్‌లో మెయిన్ బ్యాలెన్స్ ఖాళీగా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు వచ్చాక శంషాబాద్‌లో విమానమెక్కి బ్యాంకాక్‌లోనో ఫుకెట్‌లోనో దిగడం తేలికైంది. హోటళ్ల గురించి, టికెట్ల గురించి పత్రికల్లో చాలా వస్తోంది. ఫోన్ సిమ్ దగ్గరకొచ్చేసరికి “ఎయిర్‌పోర్టులోనే దొరుకుతుంది” అని వదిలేస్తున్నారు. తెలియకుండా డబ్బు కరిగేది అక్కడే కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనకు అలవాటైన ప్రీపెయిడ్ వేరు. రోజుకు ఒకటిన్నర జీబీయో రెండు జీబీయో ప్యాక్ వేసుకుంటాం. అది అయిపోతే వేగం పడిపోతుంది, లేదా నెట్ ఆగిపోతుంది. మెయిన్ బ్యాలెన్స్, అంటే ప్యాక్‌తో సంబంధం లేకుండా సిమ్ ఖాతాలో ఉండే డబ్బు, దాని సంగతే చాలామంది మరిచిపోయారు. థాయ్‌లాండ్ ప్రీపెయిడ్‌లో ఆ ఖాతా ఇంకా చురుగ్గా పనిచేస్తోంది. ప్యాకేజీ గడువు తీరినా, ప్యాకేజీ తీసుకోకుండానే డేటా ఆన్ చేసినా, నెట్ ఆగకుండా నడుస్తూనే మెయిన్ బ్యాలెన్స్‌లోంచి ఎంబీల లెక్కన కోత పడవచ్చు. ఒక నిమిషం హెచ్‌డీ వీడియో ఫోన్‌ను బట్టి 60 నుంచి 130 ఎంబీ దాకా ఉంటుంది. ఎంబీకి ఒక్క బాట్ చొప్పున వేసుకున్నా, అలాంటి వీడియోలు అయిదు బ్యాకప్‌కు వెళ్తే కనీసం 300 బాట్ పోయినట్టే. థాయ్ కరెన్సీ అయిన బాట్ అంటే రెండున్నర రూపాయల పైమాట.

అందుకే మొదటి జాగ్రత్త: ప్యాకేజీకి ఎంత కావాలో అంతే వేయించండి, అదనంగా ఒక్క బాట్ కూడా వద్దు. ప్రీపెయిడ్‌లో లేని డబ్బును ఎవరూ కోయలేరు. కొన్ని టూరిస్ట్ సిమ్‌లలో కాల్స్ కోసమని కొంత మొత్తం ముందే వేసి ఇస్తారు. అదీ మెయిన్ బ్యాలెన్సే, కాబట్టి దాని మీదా కన్నేసి ఉంచాలి. బ్యాలెన్స్ చూసుకోవడానికి అక్కడి మొబైల్ కంపెనీల్లో ఏఐఎస్ సిమ్‌లో *121#, ట్రూ సిమ్‌లో #123# నొక్కితే చాలు.

ఎక్కువమందికి దెబ్బ తగిలేది రెండోసారి డబ్బు వేయించినప్పుడు. సెవెన్ ఇలెవెన్ దుకాణంలో నంబరు చెప్పి 200 బాట్ వేయించి, రీఛార్జ్ అయిపోయిందనుకుంటారు. నిజానికి డబ్బు మెయిన్ బ్యాలెన్స్‌లో చేరిందే తప్ప ప్యాకేజీ మొదలవలేదు. జేబులో ఫోన్ ఊరుకోదు: ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, వాట్సాప్ గ్రూపుల వీడియోలు వరసగా లాగేస్తాయి. కాస్సేపటికి యాప్ తెరిచి ప్యాకేజీ కొనబోతే డబ్బు చాలదంటుంది. కాబట్టి వరస తప్పకూడదు. ముందు మొబైల్ డేటా ఆపాలి. తర్వాత డబ్బు వేయించాలి. హోటల్ వైఫైలో కంపెనీ యాప్ తెరిచి ప్యాకేజీ కొనాలి. ధ్రువీకరణ ఎస్ఎంఎస్ వచ్చాకే డేటా ఆన్ చేయాలి. ఎస్ఎంఎస్ థాయ్ భాషలో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి అనువాద యాప్‌లో చదువుకోండి, ఊహించి “సరే” నొక్కవద్దు.

ప్యాకేజీ కొనేటప్పుడు మూడు విషయాలు అడగాలి. కోటా అయ్యాక వేగం తగ్గుతుందా, ఎంబీ లెక్కన కోస్తారా? వేగం తగ్గే రకమే తీసుకోండి. మ్యాప్ చూసుకోవడానికి, సందేశాలకు ఆ తక్కువ వేగం చాలు. గడువు గంటల లెక్కా, తేదీల లెక్కా? తేదీల లెక్కయితే చివరి రోజు అర్ధరాత్రికి ముగుస్తుంది, అదీ థాయ్ అర్ధరాత్రి, అంటే మన గడియారంలో రాత్రి పదిన్నర. మూడోది, దానంతట అదే మళ్లీ మొదలయ్యే ప్యాకేజీయా? స్థానికుల కోసం పెట్టిన వారం, నెల ప్యాకేజీలు చాలావరకు ఆ రకానివే. బ్యాలెన్స్‌లో డబ్బుంటే చాలు, అడగకుండానే మళ్లీ కొనేస్తాయి. టూరిస్టు ఒకసారికే పరిమితమైనది ఎంచుకోవాలి.

జాతకాలు, లాటరీ నంబర్ల పేరుతో డబ్బు వసూలు చేసే ఎస్ఎంఎస్ సేవలు ఇంకో బెడద. వాటిలోని లింకు నొక్కవద్దు. *137 నొక్కి కాల్ చేస్తే అలాంటి సేవలు రద్దవుతాయి, దానికి ఖర్చు లేదు.

ఇక మన సిమ్ సంగతి. బ్యాంకు ఓటీపీల కోసం దాన్ని ఫోన్‌లోనే ఉంచుకోవాల్సి వస్తుంది. ఉంచండి, కానీ దాని డేటా రోమింగ్ ఆపేయండి. మొబైల్ డేటాకు థాయ్ సిమ్‌ను ఎంచి, ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే రెండోదానికి మారే ఆటోమేటిక్ డేటా స్విచింగ్‌ను కూడా ఆపండి. రోమింగ్ ప్యాక్ లేకుండా మన నంబరుకు వచ్చిన కాల్ ఎత్తితే దానికీ ఛార్జీ పడుతుంది. ఇక్కడే కొనుక్కెళ్లే ట్రావెల్ ఈసిమ్‌తో (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) ఒక చిక్కుంది. అది చాలాసార్లు వేరే దేశపు కంపెనీదై థాయ్‌లాండ్‌లో రోమింగ్ మీదే నడుస్తుంది, కనుక ఆ లైన్‌కు రోమింగ్ ఆన్ చేయక తప్పదు. తొందరలో మన సిమ్‌కు ఆన్ చేసేస్తే ఖర్చు ఇక్కడి నంబరు మీద పడుతుంది. అందుకే సెట్టింగుల్లో రెండు లైన్లకూ వేర్వేరు పేర్లు పెట్టుకోవాలి. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి. కొన్ని విమానాల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, దాని ధరలు వేరు. ఉత్తరాన గోల్డెన్ ట్రయాంగిల్ వైపు వెళ్లేవారి ఫోన్ లావోస్, మయన్మార్ సిగ్నల్‌ను పట్టుకోవచ్చు. అక్కడ నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోవడం మేలు.

అన్యాయంగా కోత పడిందనిపిస్తే దేశం దాటకముందే అడగండి: ఏఐఎస్‌కు 1175, ట్రూకు 1242, డీటాక్‌కు 1678. అక్కడా తేలకపోతే థాయ్ టెలికం నియంత్రణ సంస్థ నంబరు 1200. రసీదు, ఎస్ఎంఎస్‌లు దాచుకోండి.

నగరంలో టూర్ ప్యాకేజీతో పాటు సిమ్ కూడా ఇచ్చే ట్రావెల్ ఏజెంట్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. గడువు ఎప్పుడు ముగుస్తుంది, కోటా అయ్యాక ఏమవుతుంది, ఆటో రెన్యువల్ ఉందా లేదా అన్నవి కవరు మీద తెలుగులో రాసి ఇవ్వండి. పిల్లలు టికెట్లు కొని పంపితే తొలిసారి విదేశం వెళ్తున్న పెద్దవాళ్లు అక్కడి కౌంటర్‌లో ఈ ప్రశ్నలు ఇంగ్లిష్‌లో అడగలేరు.

– విదేశీ ప్రయాణాల ఏర్పాట్లు చూసే ఉద్యోగి, అమీర్‌పేట, హైదరాబాద్