తప్పు మ్యాక్‌ది కాదు, సెట్టింగ్‌ది

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) లినక్స్ లాప్‌టాప్‌కు వైఫై తగలకపోతే అందరూ చెప్పే మందు ఒకటే: ‘మ్యాక్ రాండమైజేషన్ తీసి పారెయ్’. మ్యాక్ అంటే ఇక్కడ యాపిల్ కంప్యూటరు కాదు, నెట్‌వర్క్‌లో వైఫై కార్డును గుర్తుపట్టే అడ్రస్. దాన్ని తరచూ మార్చేయడమే రాండమైజేషన్. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ల దగ్గరుండే మన పిల్లలు ఆ మాట నమ్మి, ఎక్కడో దొరికిన కమాండ్లు కొట్టి ఉన్న నెట్ కూడా పోగొట్టుకుంటున్నారు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదు.

చాలాచోట్ల పీజీ మేనేజరు మ్యాక్ అడ్రస్ అడిగి రూటర్లో ఎక్కిస్తాడు. పొరపాటు జరిగేది అక్కడే. ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాల్లో వైఫైని నడిపేది నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాం. ఎక్కడా కనెక్ట్ కాకుండా సిగ్నళ్లు వెతికేటప్పుడు అది మారువేషపు అడ్రస్ వేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే టెర్మినల్లో ‘ఐపీ లింక్’ కొట్టి, కనిపించింది రాసిస్తే, కనెక్టయ్యే వేళకు ఆ అడ్రస్ ఉండదు. ‘లింక్/ఈథర్’ పక్కనుండేది ఇప్పటి వేషం. అదే వరుస చివర ‘పర్మ్‌యాడర్’ అని ఉంటే, దాని పక్కది కార్డు అసలు అడ్రస్. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఏదైనా అయితే అది దాదాపుగా కల్పించిందే.

ఇక సరిచేయడం. వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న పళ్లచక్రం నొక్కి, ‘ఐడెంటిటీ’లో ‘క్లోన్డ్ అడ్రస్’ చూడండి. ‘రాండమ్’ ఉంటే కనెక్టయిన ప్రతిసారీ కొత్తది. ‘పర్మనెంట్’ అంటే కార్డుది. పీజీకి, ఇంటికి కావలసింది ‘స్టేబుల్’: ఆ కనెక్షన్‌కు ఎప్పుడూ ఒకటే అడ్రస్, వేరే చోట వేరేది. మార్చాక వైఫై ఒకసారి ఆపి మళ్లీ పెట్టి, కనెక్టయ్యాక కనిపించే అడ్రస్‌నే మేనేజరుకు ఇవ్వాలి. ఒక మెలిక ఉంది. స్టేబుల్ అడ్రస్ ఆ కనెక్షన్ గుర్తింపు సంఖ్య నుంచి పుడుతుంది. నెట్ రాలేదని ‘ఫర్గెట్’ కొట్టి మళ్లీ పాస్‌వర్డ్ ఇస్తే సంఖ్య మారి, అడ్రస్ కూడా మారుతుంది. మేనేజరు దగ్గరికి మళ్లీ పరుగే. 2024లో వచ్చిన ఫెడోరా 40 నుంచి, ఈ సెట్టింగ్‌ను ముట్టుకోకుండా వదిలేస్తే వైఫై పేరును బట్టే అడ్రస్ తయారవుతుంది కాబట్టి అక్కడ ఈ బెడద లేదు.

పాత యూఎస్‌బీ వైఫై డాంగిళ్ల జబ్బు వేరు. వెతికేటప్పుడు అడ్రస్ మారితే కొన్నిటి డ్రైవర్లు (వాటిని నడిపే సాఫ్ట్‌వేర్) తట్టుకోలేవు. పాస్‌వర్డ్ సరైనదే అయినా మళ్లీ మళ్లీ అడుగుతాయి. వాటికి మాత్రం స్కాన్ రాండమైజేషన్, అంటే వెతికేటప్పుడు అడ్రస్ మార్చడం, ఆపాలి. అలా ఆపే వరుస నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్లో ‘డివైస్’ శీర్షిక కింద ఉండాలి, ‘కనెక్షన్’ కింద రాస్తే పనిచేయదు. ఫైలు పేరు ‘డాట్ కాన్ఫ్’తో ముగియకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని చదవనే చదవదు. మ్యాక్ అడ్రస్ మార్చే మ్యాక్‌ఛేంజర్ ప్రోగ్రాం కూడా పెట్టుకున్నవాళ్లు దాన్ని తీసేయడం మేలు. అది మార్చిన అడ్రస్‌ను నెట్‌వర్క్‌మేనేజర్ తిరగరాసేస్తుంది.

పీజీ యజమానులకూ ఒక మాట. నెట్ వాడే ఒక్కో పరికరానికి రూటర్ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. మామూలు రూటర్ పంచగలిగేవి 253 ఐపీలు. లీజు, అంటే ఇచ్చిన ఐపీ గడువు, 24 గంటలుంటే, ‘రాండమ్’లో ఉన్న లాప్‌టాప్ రోజుకు పదిసార్లు మూసి తెరిస్తే పది ఐపీలు పట్టుకుని కూర్చుంటుంది. అలాంటివి పాతికుంటే ఫోన్లకు కూడా ఐపీ దొరకదు. లీజు రెండు గంటలకు తగ్గించండి. మ్యాక్ జాబితాను మాత్రం తాళం అనుకోకండి. వైఫైకి పాస్‌వర్డ్ ఉన్నా మ్యాక్ గాల్లో బాహాటంగానే పోతుంది, పక్క గదివాడు చూసి అదే పెట్టుకోగలడు.

– ఒక లినక్స్ వాడకందారు, మారతహళ్లి, బెంగళూరు