వార్షిక నివేదిక: లాక్‌హార్ట్ పట్టణ చరిత్ర, సందర్శన

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఆస్టిన్ పరిసరాల్లో ఏళ్ల తరబడి ఉంటున్నా మనలో చాలామందికి ఆఫీసులు, హైవేలు, పిల్లల బడులు తెలిసినంతగా చుట్టుపక్కల పాత ఊళ్లు తెలియవు. ఈ లోటు తీర్చాలని కార్యవర్గం ఈ ఏడాది స్థానిక చరిత్ర కార్యక్రమానికి, ఆస్టిన్‌కు దక్షిణంగా సుమారు 30 మైళ్ల దూరంలో ఉన్న కాల్డ్‌వెల్ కౌంటీ కేంద్రం లాక్‌హార్ట్‌ను ఎంచుకుంది.

సర్వేయర్ బర్డ్ లాక్‌హార్ట్ పేరు పెట్టుకున్న ఈ ఊరు 1848లో కౌంటీ ఏర్పడినప్పుడే దానికి కేంద్రమైంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1840 ఆగస్టులో, ఈ ప్రాంతంలో ప్లమ్ క్రీక్ యుద్ధం జరిగింది. విక్టోరియా, లిన్‌విల్ ఊళ్లను దోచుకుని తిరిగి వెళ్తున్న కొమాంచీలను (అమెరికా ఆదివాసుల్లో ఒక తెగ) టెక్సస్ దళాలు ఇక్కడ అడ్డగించాయని చెప్పి ఊరుకుంటే చరిత్రకు న్యాయం జరగదు. ఆ ఏడాది మార్చిలో శాంతి చర్చలకని శాన్ ఆంటోనియో వచ్చిన కొమాంచీ పెద్దలను అక్కడే చంపడం ఆ దాడికి దారితీసింది. పిల్లలకు ఈ రెండు ఘటనలనూ కలిపే చెప్పాలని నిర్ణయించి, తెలుగు పరిచయ పత్రాన్ని ఆ ప్రకారమే తయారు చేశాము.

అంతర్యుద్ధం తర్వాత ఉత్తరాదికి తోలుకెళ్లే పశువుల మందలు, ఆపైన పత్తి వ్యాపారం, 1887లో వచ్చిన రైలు ఈ ఊరిని నిలబెట్టాయి. ఆ కలిమికి గుర్తుగా 1894 నాటి కోర్టు భవనం లేత సున్నపురాయి, ఎర్ర ఇసుకరాయి గోడలతో, గడియారపు బురుజుతో ఊరి నడుమ నేటికీ నిలిచి ఉంది.

అయితే సభ్యులను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిపింది డాక్టర్ యూజీన్ క్లార్క్ గ్రంథాలయమే. ఆ వైద్యుడు వీలునామాలో రాసిచ్చిన 10,000 డాలర్లతో 1899లో కట్టిన ఈ భవనంలో రంగుటద్దాల కిటికీలు, మేడమీద వసారా, సభలకు వేదిక ఉన్నాయి. టెక్సస్‌లో నిరంతరాయంగా నడుస్తున్న పట్టణ గ్రంథాలయాల్లో ఇదే పాతది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో వెలసిందని గుర్తుచేసుకుంటే, ఇంచుమించు ఒకే కాలంలో రెండు చోట్లా చదువరుల కోసం తలుపులు తెరిచిన దాతల మీద గౌరవం కలుగుతుంది.

లాక్‌హార్ట్‌ను టెక్సస్ బార్బెక్యూ రాజధానిగా శాసనసభ 1999లో గుర్తించింది. కసాయి దుకాణాల్లో అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టి కాగితంలో చుట్టి అమ్మడం నుంచి, దాన్ని పత్తి ఏరే కూలీలు కొనుక్కోవడం నుంచి ఈ పేరు పుట్టింది. ఇక్కడి బార్బెక్యూ హోటళ్లలో క్రూజ్ మార్కెట్ 1900 నాటిది, బ్లాక్స్ 1932 నాటిది. శాకాహారులు పులిహోర, పెరుగన్నం వెంట తెచ్చుకోవడం మంచిదయింది.

రానున్న ఏడాది ఇదే కౌంటీలో 1922లో చమురు పడిన లూలింగ్‌ను చూడాలని ప్రతిపాదన. ఎండలు ముదరకముందే వెళ్లేందుకు సభ్యులు తమ అభిప్రాయాలను సర్వసభ్య సమావేశంలో తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.