గ్లాసులో పోసే బీరుకు లేబులు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

బీరును అక్కడికక్కడే తయారుచేసి, భోజనంతోనూ సంగీతంతోనూ కలిపి వడ్డించే మైక్రోబ్రూవరీల మాట వచ్చినప్పుడల్లా మన విశాఖలో వాదన అవి ఉండాలా, వద్దా అన్న దగ్గరే ఆగిపోతుంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం విధించి 1997లో సడలించుకున్న రాష్ట్రంలో ఆ వాదన ఇప్పట్లో తెగేది కాదు, దాన్ని తెంపే ఉద్దేశం నాకూ లేదు. ప్రభుత్వమే అనుమతి ఇచ్చి నడవనిస్తున్న ఈ కేంద్రాల్లో నాకు కనిపించిన ఒక లోపాన్ని మాత్రం మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలిచాను. దుకాణంలో కొనే సీసా మీద ఆల్కహాల్ శాతం, తయారీ తేదీ, ఆరోగ్య హెచ్చరిక ముద్రించి ఉంటాయి. కుళాయి తిప్పి గ్లాసులో పోసే బీరుకు సీసా లేదు కనుక లేబులూ లేదు.

నగరంలోని అటువంటి ఒక చోటికి మా మేనల్లుడితో, అతని స్నేహితులతో కలిసి వెళ్లాను. చోటు శుభ్రంగా, ముచ్చటగా ఉంది. అద్దాల గోడ వెనక బీరు పులిసే పెద్ద స్టీలు ట్యాంకులు వరసగా కనిపిస్తున్నాయి. కోనెం చేప వేపుడు మన ఇళ్లలో చేసినంత బాగా చేశారు. చిన్న వేదిక మీద ఇద్దరు కుర్రాళ్లు గిటారు వాయిస్తూ పాడుతున్నారు. (తప్పెటగుళ్లు, జముకుల కథ పుట్టిన ఉత్తరాంధ్రలో ఆ వేదిక మీదికి మన కళాకారులు ఎందుకు రారన్నది వేరే లేఖకు తగిన ప్రశ్న.) మెనూ కార్డులో ఒక్కో బీరుకూ అందమైన పేరు ఉంది, రుచి మీద రెండు వాక్యాల వర్ణన ఉంది, ధర ఉంది. ఏ రకంలో ఆల్కహాల్ ఎంత శాతమో, అది ఎప్పుడు తయారైందో ఒక్కదానికీ రాయలేదు. వడ్డించే అబ్బాయిని అడిగితే "లైటే సార్" అన్నాడు. ఎంత లైటో చెప్పమని మళ్లీ అడిగేసరికి స్పీకర్ల హోరు పెరిగి నా ప్రశ్న అతనికి వినబడలేదు.

ఇది చాదస్తం కాదని చెప్పడానికి కొంచెం లెక్క అవసరం. ఐదు శాతం బీరు అరలీటరులో 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. తూకంలో అది సుమారు 20 గ్రాములు. విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉండేది 10 గ్రాములే. అంటే "ఒక్క గ్లాసు బీరే కదా" అనుకుని తాగినది రెండు పెగ్గులకు సమానం. మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఎనిమిది శాతం వరకు ఉన్న బీరు అమ్మవచ్చు. అటువంటిదైతే అదే గ్లాసు మూడు పెగ్గులు దాటుతుంది. రంగును బట్టి ఈ తేడా తెలియదు. నల్లగా కనిపించేది నాలుగు శాతమే కావచ్చు, నిమ్మరసంలా తేటగా ఉన్నది ఏడు కావచ్చు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించితే బండి నడపడం నేరం. మొదటిసారి పట్టుబడినా 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. డెబ్బై కిలోల మనిషి ఖాళీ కడుపుతో ఐదు శాతం బీరు అరలీటరు త్వరత్వరగా తాగితే స్థూలమైన లెక్కలో 40 మిల్లీగ్రాముల దగ్గరికి చేరతాడు. బరువు తక్కువైతే ఇంకా ఎక్కువ. ఒక్క గ్లాసుతోనే చట్టం గీసిన గీత దాటే అవకాశం ఉన్నప్పుడు, ఆ గ్లాసులో ఏముందో తాగేవాడికి చెప్పకుండా, రాత్రి బీచ్ రోడ్డు మలుపులో నిలబడి అతని నోట్లో గొట్టం పెట్టడం ఏం న్యాయం? తాగి నడిపేవారిని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు, పోలీసులు పట్టుకోవలసిందే. మద్యం తాగిన వాడు బండి ముట్టకపోవడమే సరైన పని. కానీ రుషికొండ నుంచి గాజువాకకో పెందుర్తికో తిరిగి వెళ్లవలసినవాడు "లైటే" అన్న మాటను నమ్ముకుని తాళం చేతిలోకి తీసుకుంటున్నాడు.

శాతం చెప్పడం కష్టమని యజమానులు అనలేరు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి తీసిన తీపి ద్రవం సాంద్రతను పులియబెట్టకముందు ఒకసారి, పులిశాక ఒకసారి హైడ్రోమీటరుతో కొలవడం ఈ వృత్తిలో మొదటి పాఠం. మొదట 1.050, చివర 1.012 వచ్చిందంటే ఆల్కహాల్ సుమారు ఐదు శాతం. ఆ అంకె బీరు కాచేవారి పుస్తకంలో ముందే ఉంటుంది, దాన్ని గోడ మీది బోర్డుకు ఎక్కించడానికి ఒక సుద్దముక్క చాలు. పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపించాలన్న నియమం 2022 జూలై నుంచి అమలులో ఉంది. బిర్యానీకి ఇచ్చిన పాటి గౌరవం బీరుకూ ఇవ్వమంటున్నాను.

తయారీ తేదీ సంగతీ అంతే. ఇటువంటి చోట్ల పోసే బీరును సాధారణంగా సీసా బీరులా వేడిచేసి సూక్ష్మజీవులను చంపరు. తాజాదనమే దాని రుచి, ఆ పేరు మీదే ఎక్కువ ధర తీసుకుంటున్నారు. అలాంటప్పుడు తేదీ దాచడానికి కారణం కనిపించదు. గోధుమ పడనివారికి గోధుమ బీరు ఏదో తెలియాలి. కాఫీ, తేనె, పండ్ల రసం కలిపితే అదీ రాయాలి.

కొత్త అనుమతి ఇచ్చేటప్పుడు, ఉన్నది పునరుద్ధరించేటప్పుడు ఎక్సైజ్ శాఖ దీన్ని ఒక షరతుగా చేర్చాలని కోరుతున్నాను. ప్రతి కుళాయి దగ్గర బీరు పేరు, ఆల్కహాల్ శాతం, తయారీ తేదీ, గ్లాసు పరిమాణం, అది ఎన్ని చిన్న పెగ్గులకు సమానమో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కనబడాలి. శాతం ఎక్కువున్న రకాలను 200 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులో కూడా, దామాషా ధరకే అమ్మాలి. ఇప్పుడు రుచి చూడాలనుకున్నవాడికి కూడా అరలీటరు తప్ప గత్యంతరం ఉండటం లేదు. సంగీతం విషయంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉండనే ఉన్నాయి. రాత్రి పది తర్వాత నివాస ప్రాంతంలో 45, వాణిజ్య ప్రాంతంలో 55 డెసిబెళ్లన్న పరిమితిని పాటింపజేస్తే ఇరుగుపొరుగు నిద్రపోతారు, వడ్డించేవారికి మన ప్రశ్న వినబడుతుంది. తనిఖీకి వచ్చే అధికారి ట్యాంకుల సంఖ్య, రోజువారీ ఉత్పత్తి చూసుకుని వెళ్లిపోకుండా, బోర్డు మీద రాసిన శాతానికీ గ్లాసులోని బీరుకూ పొంతన ఉందో లేదో అప్పుడప్పుడు నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. తప్పు రాసినట్టు తేలితే జరిమానా వివరాలు అదే బోర్డు మీద నెల రోజులు ఉంచాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం.