చప్పుడు ఎక్కడిదో తేల్చకుండా సామాను మార్చొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా ఉద్దానంలో పాత బండ్లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. తోటకి వెళ్లాలన్నా, పలాస ఆసుపత్రికి వెళ్లాలన్నా అవే దిక్కు. 15 ఏళ్లు నిండిన సొంత బండికి ఫిట్‌నెస్ చూసి ఇంకో 5 ఏళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు కాబట్టి, బాగా చూసుకున్న బండిని తుక్కు కింద అమ్ముకోవాల్సిన పని లేదు. అయితే ఈ బండ్లవాళ్లకి ఒక విషయంలో మాత్రం రిపేరు షాపుల్లో అన్యాయంగా డబ్బు వదులుతోంది. అదే వెనక చక్రాల దగ్గర వచ్చే కిర్రు చప్పుడు.

నాది 2009 బొలెరో. 2018లో తిత్లీ తుపానుకి తోట నేలమట్టమైనప్పుడు కూడా దీన్ని అమ్మలేదు. మా మావయ్యగారిని డయాలసిస్‌కి ఇందులోనే తీసుకెళ్తాను. డయాలసిస్ అయ్యాక మనిషికి ఎంత నీరసంగా ఉంటుందో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. ఆయన వెనక సీట్లో తల వాల్చి పడుకుంటే, గతుకు గతుక్కీ ఆ సీటు కిందే కిర్రుమనేది. "ఏటల్లుడూ, బండి ఇరిగిపోద్దేటి?" అని ఆయన అడుగుతుంటే నాకు టెన్షన్ పట్టుకునేది.

ఒక పెద్ద షాపులో చూపించాను. కిందకి తొంగి కూడా చూడకుండా వెనక షాకబ్జర్వర్లు రెండూ పోయాయన్నారు. మార్చారు, చప్పుడు పోలేదు. తర్వాత కమాను బుష్‌లన్నారు, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్ట చివర్లలో ఉండే రబ్బరు తొడుగులు. అవీ వేశారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఈసారి కమాను కట్టలే మార్చాలని అంచనా రాసి చేతికిచ్చారు. తీసేసిన పాత సామాను ఏదని అడిగితే తుక్కులో పడేశామన్నారు.

చివరికి సంగతి తేల్చింది సోంపేటలో లారీల కమాన్లు కట్టే ఒక పెద్దాయన. ఆయన రాగానే పానా పట్టలేదు. చదును నేల మీద బండి పెట్టించి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, ఇద్దరు కుర్రాళ్లని వెనక బంపరు ఎక్కి ఊపమన్నారు. తను పక్కన గొంతుకూర్చుని, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఒక్కో బోల్టు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నారు. తర్వాత సీసాతో నీళ్లు తెచ్చి ఒక్కో చోటా పోస్తూ మళ్లీ ఊపించారు. పట్టీల మధ్య పోస్తే ఏ తేడా లేదు. కుడివైపు కట్ట వెనక చివరని బండికి తగిలించే ఇనుప లంకె, అంటే షాకిల్ దగ్గర పోయగానే టక్కున ఆగిపోయింది. తడి ఆరేసరికి మళ్లీ వచ్చింది. వాన పడిన రోజు చప్పుడు ఉండదని నేను ముందే చెప్పాను. ఆ మాట విన్నాకే ఆయన రబ్బరు మీద అనుమానపడ్డారట.

విప్పి చూస్తే బుష్ కొత్తదే, కానీ అప్పుడే చిరిగింది. వేసినవాళ్లు బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేశారు. రబ్బరు అలాగే పట్టేసింది. బండి దించగానే బరువుకి కమాను అణుగుతుంది, షాకిల్ తిరుగుతుంది, లోపలి రబ్బరు తడిబట్టను పిండినట్టు మెలిపడుతుంది. గతుకు వచ్చిన ప్రతిసారీ ఆ మెలి పెరిగి, రబ్బరు ఇనుముకి రాసుకుని అరుస్తుంది. అందుకే బోల్టు వదులుగా పెట్టి, బండి నేలకి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. దానికి తోడు మా కవిటి వైపు ఉప్పుగాలికి షాకిల్ పిన్ను తుప్పెక్కి గరుకు తేలింది. ఆయన పిన్నూ బుష్షూ మార్చి, రబ్బరుకి సిలికాన్ గ్రీజు రాశారు. వాడేసిన ఇంజిన్ ఆయిలు కమాన్ల మీద పోసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. దయచేసి మానండి, ఆ ఆయిలుకి రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.

పట్టీల మధ్య నీళ్లు పోసినప్పుడు చప్పుడు ఆగితే అది వేరే జబ్బు. పట్టీల చివర్లలో ఉండే బిళ్లలు అరిగి, ఇనుము ఇనుముకి రాసుకుంటోందని అర్థం. తుప్పు గీకి బిళ్లలు మార్చుకుంటే చాలు, కట్ట మార్చక్కర్లేదు. పట్టీ పగిలి ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా నడపొద్దు. షాకబ్జర్వర్ సంగతి ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. వెనక మూలని గట్టిగా నొక్కి వదిలితే బండి లేచి వెంటనే నిలబడాలి. ఊగుతూనే ఉన్నా, గొట్టం మీద ఆయిలు కారినా అప్పుడు మార్చండి.

షాపులవాళ్లని నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. చప్పుడు ఎక్కడిదో మాకు వినిపించాకే సామాను విప్పండి. తీసిన సామాను మా చేతికివ్వండి. వెతకడానికి పట్టిన సమయానికి విడిగా కూలి తీసుకోండి, సంతోషంగా ఇస్తాం. సోంపేట పెద్దాయన అంతసేపు చెవి పెట్టి విన్నందుకు పైసా అడగలేదు, నేనే బలవంతంగా జేబులో పెట్టాను. ఐటీఐల్లో రెండేళ్ల మోటార్ మెకానిక్ కోర్సు చదివే మన జిల్లా పిల్లల్ని ఇలాంటివాళ్ల దగ్గర కొన్నాళ్లు కూర్చోబెట్టాలని అధికారులకి మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా