మహాబలిపురం దీపాన్ని వెలుగుతుండగా చూడనివ్వండి

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మిర్యాలగూడ వాడికి లైట్‌హౌస్‌తో ఏం పని అని మీ ఆఫీసులో ఎవరైనా నవ్వొచ్చు. 2008లో ప్రకటించిన జాతీయ జలమార్గం-4లో కృష్ణా భాగం మా పక్కనున్న వజీరాబాద్ నుంచే మొదలు. పడవలెప్పుడు వస్తాయో గానీ, కాగితం మీద మేమూ మీ శాఖ కిందివాళ్లమే.

మా వైపు బడుల టూర్లంటే తిరుపతి, కంచి, మహాబలిపురం. పిల్లలు అక్కడి లైట్‌హౌస్ మెట్లెక్కుతారు, పైన గాలికి ఎగిరిపోయే చున్నీలు పట్టుకుని సెల్ఫీలు తీసుకుంటారు, దిగొచ్చేస్తారు. 1904 నాటి ఆ రాతి టవర్ ఈ రాత్రికి కూడా ఓడలకు దారి చూపుతుందని వాళ్లలో చాలామందికి తెలియదు. సందర్శన వేళలు సాయంత్రంతో సరి, దీపమేమో చీకటి పడ్డాకే వెలుగుతుంది. పక్కనున్న ఒలక్కణ్ణేశ్వర గుడి ఇంకా చిత్రం. ఈ టవర్ లేని రోజుల్లో ఆ పల్లవుల గుడి కప్పు మీదే దీపం పెట్టేవారు. గైడ్లు పల్లవుల దగ్గరే ఆగిపోతారు.

నేను ఫిజిక్స్ చెప్తాను. పదో తరగతికి బోర్డు మీద కటకం గీసి, కిరణాలు గీస్తుంటే వెనక బెంచీలు ఆవులిస్తాయి. లైట్‌హౌస్‌ల్లో వాడే ఫ్రెనెల్ లెన్స్ అదే పాఠం. మందపాటి గాజుకు బదులు వలయాలుగా పేర్చిన గాజు ముక్కలు, చెదిరిపోయే వెలుగును కట్టగట్టి సముద్రం మీదికి పంపుతాయి. మెరుపుల వరస ఒక్కో లైట్‌హౌస్‌ది ఒక్కోలా ఉంటుంది. దాన్ని లెక్కపెట్టి నావికుడు ఏ తీరం దగ్గరున్నాడో పోల్చుకుంటాడు. జీపీఎస్ ఉందిగా అంటారు. అది మొరాయించిన రాత్రి కళ్లకు కనిపించే దీపమే దిక్కు.

2024 ఫిబ్రవరిలో 75 లైట్‌హౌస్‌లను పర్యాటక వసతులతో జాతికి అంకితం చేశారు, సంతోషం. పార్కులు, తినుబండారాల షాపులు మా హైవే పక్కనా ఉన్నాయి లెండి.

దీపం గదిలోకి పంపమని అడగడం లేదు. అది ఇరుకు, మీ సిబ్బందికి టెన్షన్. వారానికో సాయంత్రం, ముందుగా పేరు రాయించుకున్న బడుల కోసం చీకటి పడ్డాక అరగంట గేటు తెరిచి ఉంచండి. పిల్లలు కింద నిలబడి, వాచీ చూసుకుంటూ మెరుపులు లెక్కపెట్టుకుంటారు. ఆ మెరుపుల వరస ఏమిటో తెలుగులోనూ ఒక బోర్డు రాయించండి. మా టూర్లు సంక్రాంతికి ముందే బయల్దేరతాయి, ఆలోగా ఏ సంగతో చెప్పిస్తే బస్సు టైము మార్చుకుంటాం.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక ఫిజిక్స్ టీచర్